తుపాకి లైసెన్సు: చట్టం ఒకటే, కౌంటరుకొక మాట



పోయిన నెల మన సంఘం మీటింగు అయినాక, భోజనాల పంక్తి లేచే వేళకు ఒక పిల్లోడు మమ్మల్ని పక్కకు పిలిచినాడు. "మామా, మా నాయన పోయి నాలుగు నెలలు అయింది. అటక మీద ఆయన తుపాకి ఉంది. లైసెన్సు పుస్తకం కూడా ఉంది. ఒకరు అమ్మేయమంటారు, ఒకరు ఊరికే ఉండమంటారు, ఒకరు బావిలో పారేయమంటారు. ఏం చేయాల?" అని అడిగినాడు. మాకు గుండె గతుక్కుమంది. ఎందుకంటే మా ఇంట్లో కూడా ఇదే కథ జరిగింది, మేము దాన్ని సరిగ్గా చేసుకోలేక పోయినాము. ఆ పిల్లోడికి నోటితో చెప్పింది చాలదని ఈ వ్యాసం రాస్తున్నాము. కొంచెం పొడుగు. తీరికగా చదవండి.

మేము చదివింది అరవ బడిలో. తెలుగు అక్షరాలు పెద్దయినాక, రైల్వే క్వార్టర్సులో ఉన్నప్పుడు నేర్చుకున్నాము. వకీళ్లము కాము. ముప్పై ఏండ్లకు మించి రైల్వేలో గుమాస్తా పని చేసినాము. కాబట్టి మాకు తెలిసిన విద్య ఒకటే, చార్జీల పట్టిక చూసేది. ఎంత దూరానికి ఎంత చార్జీ అని పట్టికలో ఉంటే, మా స్టేషన్లో అడిగినా గౌహతిలో అడిగినా అదే రూపాయలు. గుమాస్తా ముఖం మారినా చార్జీ మారదు. తుపాకి లైసెన్సుకు కూడా ఇట్లాంటి పట్టిక ఉంది. కానీ దాన్ని చూసి చెప్పే గుమాస్తా మాత్రం మాకు దొరకలేదు. ఎందుకు ఇట్ల అని వెదుక్కుంటూ పోతే కథ రెండు వందల ఏండ్లు వెనక్కి పోయింది.

పాంచాలంకురిచ్చి నుంచి మొదలు

మన పెద్దలు ఈ కరిసల్ భూములకు ఎట్ల వచ్చినారో సంఘంలో అందరూ చెప్పుకుంటారు. మదురై నాయకుల కాలంలో, విశ్వనాథ నాయకుడు ఈ నాడును 72 పాళెములుగా పంచినాడు. పాళెగాడు అంటే పన్ను వసూలు చేసేవాడు మాత్రమే కాదు. దారికి కావలి, ఊరికి కావలి, చేనుకు కావలి అతనిదే. కావలి అంటే ఆయుధం ఉండాల. ఈటె, వలరి, కత్తి, ఆ తరువాత మందు దట్టించే తుపాకి. వాటికి లైసెన్సు అనే మాటే లేదు. కావలి పనే లైసెన్సు.

వీరపాండ్య కట్టబొమ్మన్ ఇంట్లో మాట్లాడింది తెలుగే అని మనకు తెలుసు. 1799 అక్టోబరు 16న ఆయన్ను కయత్తారులో ఉరి తీసినారు. ఆయన తమ్ముడు ఊమైదురై 1801లో మళ్ళీ లేచినాడు. ఆ యుద్ధం కూడా ఓడిపోయినాక పాంచాలంకురిచ్చి కోటను నేలమట్టం చేసినారు. ఆ ఏడు డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డు క్లైవు ఒక ప్రకటన వేసినాడు. కోటలు పడగొట్టాల, పాళెగాండ్లు, వాళ్ల జనము ఆయుధాలు ఒప్పగించాల. కావలి కులాల చేతిలోంచి ఆయుధం పోయింది ఆ రోజు నుంచి. కంపెనీ పక్షాన నిలిచిన ఎట్టయాపురం మాత్రం జమీగా మిగిలింది.

ఇప్పుడు కొంచెం పడమటికి పోదాము. కొడగు. కన్నడ నాట్లో ఉండే మన సంఘం వాళ్లకు ఇది బాగా తెలుసు. 1857 తిరుగుబాటు తరువాత దేశమంతా జనం చేతిలోంచి తుపాకులు తీసుకునే చట్టాలు వచ్చినాయి. కానీ కొడవలు తెల్లవాళ్లకు నమ్మకంగా ఉన్నారని 1861లో మైసూరు, కొడగు కమిషనరుగా ఉన్న మార్క్ కబ్బన్ వాళ్లకు ఆ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చినాడు. ఆ మినహాయింపు ఈ రోజుకూ ఉంది. 2019లో కేంద్ర ప్రభుత్వం దాన్ని 2029 అక్టోబరు దాకా పొడిగించింది. దాని మీద కేసు వేస్తే 2021లో కర్ణాటక హైకోర్టు మినహాయింపు చెల్లుతుందని చెప్పింది. కైల్ పోళ్దు పండగనాడు కొడవలు తుపాకికి పూలు పెట్టి పూజ చేసుకుంటారు. వాళ్ల మీద మాకు ఏ కడుపుమంటా లేదు. మేము చెప్పేది ఒకటే. ఒక ఊరికి ఆయుధం నిషేధం, ఇంకో ఊరికి ఆయుధం గౌరవం. దీన్ని నిర్ణయించింది అప్పటి దొరకు ఎవరి మీద నమ్మకం ఉంది అనేదే.

తపాలాఫీసులో పది షిల్లింగులు

1878లో లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు ఇండియన్ ఆర్మ్స్ యాక్టు వచ్చింది. ఆయుధం పెట్టుకోవాలంటే లైసెన్సు తీసుకోవాల. కానీ యూరోపియన్లకు అక్కరలేదు.  అప్పటి రైల్వేలో కూడా దొరలు, ఆంగ్లో ఇండియన్లు వాలంటీర్ దళాల్లో చేరి రైఫిలు పట్టేవాళ్లు. అదే స్టేషన్లో మన గుమాస్తా, మన గ్యాంగుమేను చేతికి జెండా, లాంతరు.

అదే కాలంలో వాళ్ల సొంత దేశంలో ఎట్ల ఉండింది? 1870 చట్టం ప్రకారం ఇంగ్లాండులో ఇంటి బయట తుపాకి పట్టుకుని తిరగాలంటే తపాలాఫీసుకు పోయి పది షిల్లింగులు కట్టి లైసెన్సు చీటీ తీసుకుంటే చాలు. నీకెందుకు అని అడిగేవాడు లేడు. మనకు మాత్రం జిల్లా మేజిస్ట్రేటు దయ కావాల.

ఈ అవమానం మన పెద్దలకు తెలియక కాదు. 1887 డిసెంబరులో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభలో బిపిన్ చంద్ర పాల్ ఈ ఆర్మ్స్ యాక్టును తీసేయమని మాట్లాడినాడు. 1930లో గాంధిగారు ఉప్పు సత్యాగ్రహానికి ముందు ఇర్విన్ ముందర పెట్టిన పదకొండు కోరికల్లో కూడా ఒకటి ఇదే. ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సు ఇవ్వాల, దాని మీద అదుపు ప్రజలది ఉండాల అని. అహింస చెప్పినాయన ఇది ఎందుకు అడిగినాడు అని మేము చిన్నప్పుడు అనుకున్నాము. ఇప్పుడు అర్థమవుతుంది. ఆయన అడిగింది తుపాకి గురించి కంటే, ఎవరికి ఇవ్వాల ఎవరికి వద్దు అనే నిర్ణయం ఎవరి చేతిలో ఉండాల అనే దాని గురించి.

1920లో వచ్చిన రూల్సుతో యూరోపియన్లకు జాతిని బట్టి ఇచ్చే మినహాయింపు పోయింది. అందరికీ ఒకటే కాగితం. కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టే చేయి ఒకటి కాదు.

తాత తుపాకి

మా తాతకు ఒక నాటు తుపాకి ఉండేది. ముందర నుంచి మందు దట్టించేది. చేనుకు అడవి పందులు రాకుండా పంట కావలికి ఇచ్చిన లైసెన్సు. నాయన చెప్పేవాడు, ఆ కాలంలో లైసెన్సు అడిగితే గ్రామ మునసబు మాటే మాట అని. మునసబు "మంచివాడు, భూమి ఉంది, గొడవలకు పోడు" అని చెప్తే తాసిల్దారు రాస్తాడు, పైన సంతకం అవుతుంది. మునసబుకు నచ్చకపోతే కాగితం కదలదు. పక్క ఊర్లో అదే పందులు, అదే చేను, లైసెన్సు మాత్రం లేదు. ఆ ఊరి మునసబు వేరే మనిషి కదా.

తాత పోయినాక నాయన పేరుకు మారింది. మూడేండ్లకు ఒకసారి నాయన తెల్ల పంచె కట్టుకుని, తుపాకిని గోనె సంచిలో చుట్టుకుని రెన్యూవలుకు పోయేవాడు. సాయంత్రం బస్సులో వచ్చినాక అవ్వ అడిగే మొదటి మాట "ఈసారి ఎంత తీసుకున్నారు?" అని. ఆ ఫీజు చట్టంలో రాసి ఉంటుందని ఆమెకు ఎట్ల తెలుస్తుంది? మాకే తెలియదు.

1972లో అడవి జంతువుల రక్షణ చట్టం వచ్చినాక పందిని కాల్చకూడదు అన్నారు. అప్పటి నుంచి నాయన ఉత్త మందు పెట్టి శబ్దం చేసేవాడు, అంతే. ఆ శబ్దానికి పందులు పోయేవి, మేము నిద్ర లేచేవాళ్లము.

చట్టంలో ఏముంది

ఇప్పుడు నడిచేది 1959 ఆర్మ్స్ యాక్టు. 1962 అక్టోబరు 1 నుంచి అమలు. మేము రిటైరు అయినాక తీరికగా కూర్చుని చదివినాము. చదివితే మాకే ఆశ్చర్యం వేసింది, అంత స్పష్టంగా ఉంది.

లైసెన్సు ఇచ్చేది పోలీసులు కాదు. జిల్లాల్లో కలెక్టరు. కమిషనరేటు ఉన్న పెద్ద పట్నాల్లో మాత్రం పోలీసు కమిషనరు. స్టేషను చేసే పని విచారించి రిపోర్టు పంపేది. రిపోర్టు గడువులోపల రాకపోతే, దానికి కాచుకోకుండానే నిర్ణయం చేయవచ్చు అని 13వ సెక్షన్లో ఉంది. పంట కావలికి నిజంగా అవసరం ఉంటే మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వాల అనే మాట కూడా అదే సెక్షన్లో ఉంది. ఆస్తి చాలదు అనే ఒక్క కారణంతో లేదనకూడదు అని 14వ సెక్షను చెప్తుంది. లేదంటే కారణం రాయాల, అడిగినవాడికి సాధారణంగా అది ఇవ్వాల. ఫీజు కేంద్రం రూల్సులో పట్టికగా ఉంటుంది, ఇది 16. లైసెన్సులో మార్పులు, నిలుపుదల, రద్దు 17. అప్పీలు 18.

ఇంత చక్కగా రాసిన చట్టం మా ఊరి బస్సు ఎక్కి కౌంటరు దాకా వచ్చేసరికి ఏమయిందో చెప్తాము.

మూడు కౌంటర్లు, మూడు మాటలు

నాయన పోయినాక మా పెద్దన్న తుపాకిని తీసుకుపోయి స్టేషన్లో అప్పగించినాడు. అది సరైన పనే. 21వ సెక్షను అదే చెప్తుంది. అన్న ఊర్లో సేద్యం చేసేవాడు, కాబట్టి ఆయన పేరుకు మార్చమని అర్జీ పెట్టినాము. ఏ జిల్లా, ఏ ఆఫీసు అని చెప్పము. అక్కడ ఉన్నవాళ్లలో మంచివాళ్లు కూడా ఉన్నారు. 1980లలో మన దక్షిణ జిల్లాలు చీలినాయి, మీకు గుర్తుండే ఉంటుంది. ఫైళ్లు కూడా చీలినాయి. మా కష్టంలో సగం అది.

మొదటి కౌంటర్లో "పేరు మార్చేదే కదా, మార్పు ఫీజు కట్టు" అన్నారు. ట్రెజరీలో చలానా కట్టినాము. రెండో కౌంటర్లో "పేరు మార్చేదని ఒకటి లేదు, ఇది కొత్త లైసెన్సు, ఆ ఫీజు వేరే" అన్నారు. అది కూడా కట్టినాము. మూడో కౌంటరు కొత్త జిల్లాది. అక్కడ "మీరు కట్టింది పాత జిల్లా పద్దులో పోయింది, మాకు లెక్క కాదు" అన్నారు. ఏ కౌంటర్లోనూ పట్టిక గోడ మీద లేదు. అడిగితే "అదంతా లోపల ఉంది" అన్నారు. మేము రైల్వే గుమాస్తా కదా, ఆ మాట వినేసరికి చేతులు వణికినాయి. మా కౌంటర్లో ఎవరైనా చార్జీ అడిగితే "లోపల ఉంది" అని చెప్పి ఉంటే మాకు ఆ రోజే మెమో వచ్చేది.

విచారణ కూడా అంతే. ఒక ఇనస్పెక్టరు వచ్చి చేను చూసి, పంది తొక్కిన గుర్తులు చూసి, పది నిముషాల్లో "సరే" అన్నాడు. ఆయన రిపోర్టు పంపేలోపల బదిలీ అయినాడు. తరువాత వచ్చినాయన చేను చూడలేదు, పట్టా అడిగినాడు. ఆయన తరువాత వచ్చినాయన "అన్నదమ్ములు ముగ్గురు ఉన్నారు, ముగ్గురూ సంతకం పెట్టినా గొడవ వస్తుంది" అన్నాడు. మా ముగ్గురి మధ్య అప్పటికి ఏ గొడవా లేదు. ముగ్గురూ చట్టం తెలిసినవాళ్లే అయి ఉండవచ్చు. కానీ ముగ్గురికీ మూడు చట్టాలు.

ఏండ్లు గడిచినాయి. ఒకరోజు అన్నకు నోటీసు వచ్చింది. గడువు దాటింది, వస్తువు ప్రభుత్వానిది అవుతుంది, వచ్చి సంతకం పెట్టండి అని. మేము కూడా లీవు పెట్టి పోయినాము. తుపాకి ఒక మూల నిలబెట్టి ఉంది. నాయన పేరుతో అట్టముక్క కట్టి ఉంది, పేరులో ఒక అక్షరం తప్పు. గొట్టం తుప్పు పట్టింది. అన్న దాన్ని ఒకసారి ముట్టుకోవచ్చా అని అడిగినాడు. ముట్టుకుని, సంతకం పెట్టి వచ్చేసినాడు. బస్సులో ఏమీ మాట్లాడలేదు. ఆ తుపాకి విలువ ఎంత అంటే, పాత ఇనుముకు ఏమి వస్తుందో అంతే. కానీ మా తాత చేయి తగిలిన వస్తువు ఇంట్లో అదొక్కటే ఉండేది.

వదిలిపెట్టినా ప్రమాదమే

ఇది చదివి, మేము అందరికీ తుపాకి ఇవ్వమంటున్నామని అనుకోకండి. కౌంటరుకొక మాట ఉంటే దానివల్ల ఇంకో రకం నష్టం కూడా ఉంది. అది మన నష్టం కంటే చాలా పెద్దది.

ఇంగ్లాండు మాట చెప్పినాము కదా. వాళ్లు కూడా 1920లో పోలీసు అధికారి ఇచ్చే సర్టిఫికెట్టు పద్ధతికి మారినారు. చట్టం ఒకటే, ఫీజు ఒకటే, కానీ ఇంగ్లాండు, వేల్స్ కలిపి 43 పోలీసు దళాలు. 2015లో పోలీసు తనిఖీ శాఖ వాళ్లే పరిశీలించి, ఒక్కో దళం ఒక్కో తీరుగా చేస్తుందని రిపోర్టు రాసినారు. దాని ఫలితం ఏమిటో రెండు సంఘటనలు చెప్తాయి. 1996 మార్చి 13న స్కాట్లాండులో డన్‌బ్లేన్ బడిలో ఒకడు 16 మంది పసిపిల్లలను, వాళ్ల టీచరమ్మను కాల్చి చంపినాడు. అతని సర్టిఫికెట్టు రద్దు చేయమని 1991లోనే ఒక పోలీసు అధికారి రాసి పెట్టినాడు. పైన ఎవరూ చేయలేదు. 2021 ఆగస్టులో ప్లిమత్ పట్నంలో ఒకడు ఐదుగురిని చంపినాడు. అతని తుపాకిని పోలీసులు ఒకసారి తీసుకుని, కొన్ని వారాల ముందే తిరిగి ఇచ్చినారు.

మా అన్నలాంటి మనిషిని ఏండ్ల తరబడి తిప్పినారు. అక్కడ ఇవ్వకూడనివాడికి ఇచ్చినారు. రెండిటికీ మూలం ఒకటే. రూలు చూసి కాక, ఆ రోజు ఆ కుర్చీలో ఉన్న మనిషిని బట్టి పని జరిగింది.

ఎన్నికలప్పుడు కూడా చూడండి. నోటిఫికేషను రాగానే లైసెన్సు ఉన్నవాళ్లందరూ తుపాకులు స్టేషన్లో పెట్టమని ఒక ఊర్లో దండోరా వేస్తారు. ఇంకో ఊర్లో కేసులున్నవాళ్లను మాత్రమే పిలుస్తారు. ఎన్నికల సంఘం సూచనల ప్రకారం జిల్లాలో కమిటీ ఒక్కొక్కరి సంగతి చూసి నిర్ణయించాల. అందరినీ ఒకే గాటన కట్టకూడదని బొంబాయి, అలహాబాదు హైకోర్టులు కూడా చెప్పినాయి. అయినా డెబ్బై ఏండ్ల ముసలాయన తుపాకి మోసుకుని స్టేషను మెట్లు ఎక్కడం మనము చూస్తూనే ఉన్నాము.

ఇప్పుడు ఏం చేయాల

2016లో కొత్త ఆర్మ్స్ రూల్సు వచ్చినాయి. వీటిలో వారసుల సంగతి విడిగా రాసినారు. లైసెన్సుదారు చనిపోతే వారసుడు అడగవచ్చు. బతికి ఉండగానే, 70 ఏండ్లు నిండినా, లేదా తుపాకి 25 ఏండ్లు తన దగ్గర ఉన్నా, వారసుల్లో ఒకరి పేరు చెప్పి లైసెన్సు ఇప్పించవచ్చు. దేశం మొత్తానికి ఒకే కంప్యూటరు లెక్క పెట్టి, ప్రతి లైసెన్సుకు ఒక గుర్తింపు నంబరు ఇచ్చినారు. ఆ నంబరు లేని పాత పుస్తకం చెల్లదు. 2019 సవరణలో ఒక మనిషికి రెండు తుపాకులకు మించకూడదు అన్నారు, గడువు మూడేండ్ల నుంచి ఐదేండ్లు చేసినారు. లైసెన్సు లేకుండా తుపాకి పెట్టుకుంటే శిక్ష రెండేండ్ల నుంచి ఐదేండ్ల దాకా. ఇది గుర్తు పెట్టుకోండి.

కాబట్టి ఆ పిల్లోడికి, వాడిలాంటి మన బిడ్డలందరికీ మేము చెప్పేది ఇది. అటక మీద తుపాకిని ఒక్క రోజు కూడా ఉంచవద్దు. బావిలో పారేయవద్దు, ఎవరికీ అమ్మవద్దు. ముందుగా ఒక వకీలును అడిగి, స్టేషన్లోనో లైసెన్సు ఉన్న తుపాకుల వ్యాపారి దగ్గరో అప్పగించి, నంబరుతో సహా రసీదు తీసుకో. నాయన మరణ సర్టిఫికెట్టు, వారసుల సర్టిఫికెట్టు, అన్నదమ్ముల, అక్కచెల్లెండ్ల ఒప్పుదల కాగితం జత చేసి అర్జీ పెట్టు. అర్జీ మీద తేదీ ముద్ర వేయించుకో. ఫీజు ఎంత అంటే నోటిమాట వినవద్దు, ఏ పట్టికలో ఉందో చూపించమని మర్యాదగా అడుగు. చలానా నకలు దాచిపెట్టు. లేదంటే కారణం రాసి ఇమ్మని అడుగు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, అప్పీలు ఉంది. తుపాకి నీకు అక్కరలేదా, ఒప్పగించేసి రసీదు తెచ్చుకో. అందులో సిగ్గు లేదు.

మేము ఇవేవీ చేయలేదు. నమస్కారం పెట్టి, చెప్పింది కట్టి, రమ్మన్నప్పుడల్లా పోయి వచ్చినాము. 1801లో మన పెద్దల చేతిలోంచి ఆయుధం బలంతో తీసుకున్నారు. మా అన్న చేతిలోంచి తీసుకోవడానికి బలం కూడా అక్కరలేకపోయింది, మాకు పట్టిక చూడటం తెలియకపోయేది చాలింది.

మీ ఇండ్లలో పాత లైసెన్సు పుస్తకాలు ఉంటే, మద్రాసు ప్రెసిడెన్సీ కాలంవి అయితే మరీ మంచిది, ఫోటో తీసి మాకు చూపండి. ఏ జిల్లాలో ఏ ఏడు ఎంత ఫీజు రాసినారో అన్నీ ఒక తావున పెట్టి చూద్దాము. పుస్తకం నంబరు, ఇంటి అడ్రసు మాత్రం చెరిపి పంపండి. మా తెలుగులో తప్పులుంటే దిద్దండి, సంగతిలో తప్పు ఉంటే తప్పకుండా చెప్పండి.